303 క్లోన్ కొనేవారికి హెచ్చరిక: వినిపించిన క్లిప్ ఒకటి, పంపిన యంత్రం మరొకటి

వాడిన సింథ్‌లు, అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు, కొనే మనవాళ్లలో ఒక అమ్మకందారును ఎరగనివారు తక్కువ. యాసిడ్ అనే నృత్య సంగీతానికి వాడే బేస్ (కింది స్వరాల) యంత్రాలు తప్ప మరొకటి అమ్మడు, వర్ణన చక్కగా రాస్తాడు, ఏది అడిగినా వెంటనే జవాబిస్తాడు. పేరు ఇక్కడ రాయడం లేదు. అతని ప్రకటన కంటపడితే కింది సంగతులను బట్టి మీరే గుర్తుపడతారు. గుర్తుపట్టాక దయచేసి డబ్బు పంపకండి.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. రోలండ్ కంపెనీ బేస్ సింథ్ టీబీ-303కి క్లోన్ (నకలు) అన్నాడు, పూర్తిగా అనలాగ్ (ధ్వనిని డిజిటల్ లెక్కలతో కాక సర్క్యూట్‌తోనే పుట్టించేది) అన్నాడు, సాక్స్‌బాక్స్ అనే క్లోన్ డిజైన్ కోవకు చెందిన కిట్‌ను (విడిభాగాల సెట్‌ను) తానే చేత్తో సోల్డరింగ్ చేసి తయారుచేశానన్నాడు. చేత్తో చేసిన యంత్రాల మీద నాకు చిన్నచూపు లేదు. 2005లో వచ్చిన సాక్స్‌బాక్స్ డిజైన్‌ను అందరికీ తెరిచి పెట్టబట్టే 303 లోపల ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలిసింది. శ్రద్ధగా బిగించిన కిట్ అసలు యంత్రానికి ఎంతో దగ్గరగా పలుకుతుంది. అయితే కిట్ మంచిదైనంత మాత్రాన చేతికొచ్చిన యంత్రం మంచిదని కాదు. అది దాన్ని బిగించిన మనిషి నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది.

ప్రకటన కింద ఒక క్లిప్ పెట్టాడు. నన్ను కొనేలా చేసింది అదే. సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగం, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర ధ్వనిని ఫిల్టర్ ఎంత ఎత్తి చూపాలన్నది) దాదాపు చివరి దాకా, కటాఫ్ (ఫిల్టర్ ధ్వనిలో పై భాగాన్ని కోసే హద్దు) బాగా కింద. 16 స్టెప్పుల ప్యాటర్న్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే స్వరాల వరసలో) ఒకచోట మూడు స్వరాలకు వరసగా యాక్సెంట్ (నొక్కి పలికించడం). మొదటిదానికి ఫిల్టర్ కాస్త నోరు తెరిచింది, రెండోదానికి ఇంకా తెరిచింది, మూడోదానికి పైకెగసి గుండ్రంగా అరిచి మళ్లీ కిందికి దిగింది. 303ను ప్రేమించేవాళ్లం వెతికేది సరిగ్గా ఆ అరుపు కోసమే. అది విన్నాక సందేహించడానికి ఏమీ మిగలలేదు. ‘ఈ యంత్రం ఇలా పలుకుతుందా?’ అని రాతపూర్వకంగా అడిగాను కూడా. ‘విన్నారు కదండీ, మీ చెవుల కంటే సాక్ష్యం ఏముంది’ అన్నాడు. ఆ మాటను గుర్తుపెట్టుకోండి.

యంత్రం వచ్చింది. అదే ప్యాటర్న్ ఎక్కించి, నాబ్‌లన్నీ అలాగే పెట్టాను. యాక్సెంట్ ఉన్న స్వరాలు గట్టిగా వినిపించాయి, అంతే. ఫిల్టర్‌లో చలనం లేదు. మూడు యాక్సెంట్లు వరసగా వచ్చినా మూడూ ఒకేలా ఉన్నాయి. రెజొనెన్స్ తగ్గించినా పెంచినా యాక్సెంట్ తీరు మారలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, స్లైడ్ బాగానే ఉంది. పక్క స్వరానికి జారినా పై స్థాయిలోని స్వరానికి జారినా దాదాపు 60 మిల్లీసెకన్లే తీసుకుంటోంది, అసలు యంత్రం తీరూ అదే. ధ్వనిని పుట్టించే ఆసిలేటర్ శ్రుతి కూడా నిలకడగానే ఉంది. పోయింది యాక్సెంట్ ఒక్కటే. కానీ 303లో యాక్సెంట్ పోతే మిగిలేది మామూలు బేస్ సింథ్.

ఎందుకో తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను, ఈ మోసమంతా ఇక్కడే ఉంది కాబట్టి. 303లో యాక్సెంట్ అంటే శబ్దం పెంచడం ఒక్కటే కాదు. ఆ స్టెప్‌లో డికే నాబ్ (ఫిల్టర్ ఎంతసేపట్లో మూసుకోవాలో చెప్పేది) ఎక్కడున్నా పట్టించుకోకుండా ఫిల్టర్ ఎన్వలప్ (ఫిల్టర్‌ను తెరిచి మూసే సంకేతం) అతి చిన్నదవుతుంది. ఆ ఎన్వలప్‌లో కొంత భాగం మరో దారిలో ఒక కెపాసిటర్‌ను (విద్యుత్ ఛార్జిని దాచే భాగాన్ని) నింపి ఫిల్టర్‌ను అదనంగా తెరుస్తుంది. యాక్సెంట్లు వెంటవెంటనే వస్తే ఆ కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యే వ్యవధి ఉండదు. పాత ఛార్జి మీద కొత్తది చేరుతుంది. అందుకే ప్రతి స్వరం ముందుదాని కంటే ఎత్తుకు పోతుంది. ఆ పెరుగుదల ఎంత నిదానంగా, ఎంత గుండ్రంగా రావాలన్నది రెజొనెన్స్ నాబ్ చేతిలో ఉంటుంది. అందుకోసమే ఆ నాబ్ కింద ఒకే ఇరుసు మీద రెండు పొటెన్షియోమీటర్లు (తిప్పితే విలువ మారే నిరోధకాలు) ఉంటాయి. ఒకటి రెజొనెన్స్‌కు, రెండోది యాక్సెంట్‌కు. మనం తిప్పేది ఒక నాబ్, కదిలేవి రెండు. దీన్ని రూపొందించినవారి ఆలోచనకు ఎప్పుడు తలచుకున్నా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పెట్టె వెనక మూత తీశాను. రెజొనెన్స్ నాబ్ కింద ఉండాల్సిన ఆరు కాళ్ల పొటెన్షియోమీటర్ లేదు. మూడు కాళ్ల మామూలు రకం ఉంది. దాని వెనక, రెండో వరస కాళ్లు దిగాల్సిన మూడు రంధ్రాలు సీసం తీసేసి ఖాళీగా ఉన్నాయి. పక్కనే బోర్డు మీద రెజిన్ మరకలు, రాగి పొర కాస్త లేచిన చోటు కనిపించాయి. అంటే మొదట సరైన భాగమే ఉండేది, అది పాడైనప్పుడు పీకేసి, చేతికి దొరికినది బిగించేశారు. ఇది పొరపాటున జరిగేది కాదు. ఆ మూడు రంధ్రాలను చూస్తూ ఈ పని చేసిన మనిషికి అవి ఎందుకున్నాయో తెలుసు.

ఫొటోలు తీసి, విషయం మర్యాదగా రాసి పంపాను. భాగం మారిపోయిందని, యాక్సెంట్ ఫిల్టర్‌ను కదిలించడం లేదని, సరైన పొటెన్షియోమీటర్ వేసి ఇవ్వండి లేదా యంత్రాన్ని వెనక్కి తీసుకోండి అని అడిగాను. డబ్బు చేరేవరకు ‘అండీ’ లేనిదే వాక్యం ముగించని మనిషి, జవాబులో నేరుగా నువ్వు అని మొదలుపెట్టాడు. ‘యాక్సెంట్ అంటే గట్టిగా వినపడటమే. వాయించడం రాకపోతే యంత్రాన్ని అనకు’ అన్నాడు. ఫొటోల గురించి ఒక్క ముక్క లేదు. మరి మీ క్లిప్‌లో ఫిల్టర్ ఎలా తెరుచుకుంటోంది అని అడిగాను. దానికి వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

‘ఆ క్లిప్ ఈ యంత్రానిదని నేను ఎక్కడ రాశాను?’

నాకు చేతులు వణికాయి. ప్రకటన మళ్లీ తెరిచి చదివాను. నిజంగానే ఎక్కడా రాయలేదు. యంత్రం ఫొటో కింద క్లిప్ పెట్టాడు, దాని కింద ‘303 ధ్వని వినండి’ అని రాశాడు. ‘ఈ యంత్రం’ అన్న మాట రాకుండా ప్రతి వాక్యాన్నీ ముందే తూచి రాసుకున్నాడు. నేను సూటిగా అడిగినప్పుడు కూడా అవునని గానీ కాదని గానీ అనకుండా నా చెవుల మీదకు తోసేశాడు. డబ్బు పోవడం ఒక బాధ. నా ప్రశ్నకు ఏం చెప్పి తప్పించుకోవాలో అతను ముందే సిద్ధం చేసుకుని కూర్చున్నాడని తెలియడం అంతకు మించిన బాధ. ఆ తర్వాత నా సందేశాలు అతనికి చేరకుండా చేశాడు.

దీన్ని ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, క్లోన్ కొనేవాడు సరదాకు కొనడు. రోలండ్ ఈ యంత్రాన్ని 1981లో తెచ్చి 1984లోనే ఆపేసింది. తయారైనవి సుమారు 10,000. గిటారు వాయించేవారికి బేస్ తోడుగా ఉంటుందని తడావో కికుమోతో రూపొందించిన ఆ పెట్టె అప్పట్లో అమ్ముడుపోలేదు. చవకగా వదిలించుకున్న వాటిని షికాగో యువకులు పట్టుకుని, ప్యాటర్న్ నడుస్తుండగా నాబ్‌లు తిప్పి యాసిడ్ అనే కొత్త సంగీతాన్నే పుట్టించారు. 1987లో ఫ్యూచర్ బృందం రికార్డు వచ్చాక అసలు యంత్రం ధర సామాన్యుడికి అందకుండా పోయింది. డబ్బు లేనివాళ్ల చేతుల్లో ప్రాణం పోసుకున్న ధ్వని అది. దాన్ని మళ్లీ డబ్బు లేనివాళ్ల చేతికి తెచ్చినవి క్లోన్‌లే. ఆ ఒక్క దారిలో కాపు కాసి మోసం చేయడాన్ని నేను క్షమించలేను.

ఈ మధ్యే మరో క్లోన్‌ను అమ్మకానికి పెట్టాడు. అది వేరే కంపెనీది, వేరే సర్క్యూట్. కింద పెట్టింది మాత్రం అదే క్లిప్, అదే ప్యాటర్న్, మూడో యాక్సెంట్ దగ్గర అదే అరుపు. రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టి వినండి, మీకే తెలుస్తుంది. అతని పాత ప్రకటనల్లో డిజిటల్ యంత్రాలను కూడా ‘అనలాగ్ అనుభూతి’ అని వర్ణించాడు. రోలండ్ 2016లో తెచ్చిన టీబీ-03 డిజిటల్ మోడలింగ్‌తో పనిచేస్తుంది. బెరింగర్ 2019లో తెచ్చిన టీడీ-3 అనలాగ్. కోర్గ్ వోల్కా బేస్‌లో మూడు ఆసిలేటర్లుంటాయి, అది 303కి క్లోనే కాదు. మూడూ మంచి యంత్రాలే. టీబీ-03 డిజిటల్ అని తెలిసి కొన్నవారికి ఏ చింతా ఉండదు. ఏది ఏదో చెప్పకుండా అమ్మడమే తప్పు.

కొనబోయేవారికి రెండు మాటలు. మీరు చెప్పిన ప్యాటర్న్‌ను, మీరు చూస్తుండగా, వీడియో కాల్‌లో వాయించమనండి. రెజొనెన్స్ బాగా పెంచి, కటాఫ్ తగ్గించి, నాలుగు స్వరాలకు వరసగా యాక్సెంట్ పెట్టించండి. ఒక్కో స్వరానికి ఫిల్టర్ ఇంకాస్త తెరుచుకోవాలి. తర్వాత రెజొనెన్స్ పూర్తిగా తగ్గించి అదే వినండి, యాక్సెంట్ తీరు మారాలి. మారకపోతే లోపల ఏదో పోయిందని అర్థం. ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ కలిపి వినిపిస్తే తీసేయమనండి, ఈ లోపాలన్నీ దాని వెనక దాక్కుంటాయి. కిట్ రకమైతే మూత తీసి బోర్డు ఫొటో పంపమనండి, రెజొనెన్స్ నాబ్ కింద ఆరు కాళ్లు లెక్కపెట్టుకోండి. ‘ఈ క్లిప్ ఈ యంత్రం నుంచే రికార్డు చేశారా?’ అని అడిగి, అవును అనే మాట రాతలో వచ్చాకే డబ్బు పంపండి.