టెక్సాస్ ఎండలో కాలేజ్ ఫుట్‌బాల్: స్టేడియాలు, ట్రైనింగ్ సెంటర్లపై నా రివ్యూ

టెక్సాస్‌లో ఏ కాలేజ్ ఫుట్‌బాల్ (చేతులతో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) స్టేడియం బాగుంటుందని అడిగితే చాలామంది సీట్ల సంఖ్యతో మొదలుపెడతారు. నేను మాత్రం ముందు నీడ చూస్తాను, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మిగతావి. ఇక్కడ సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. విజయవాడలో మే నెల చూసినవాళ్లకు ఆ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలో కాంక్రీటు మెట్ల మీద నాలుగు గంటలు కూర్చునే ప్రేక్షకుడినీ, హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని పరిగెత్తే ఇరవై ఏళ్ల కుర్రాడినీ ఆ కట్టడం ఎలా కాపాడుతుందన్నదే నా దృష్టిలో అసలు క్వాలిటీ.

చదువుకునే రోజుల్లో క్యాంపస్ జాబ్‌గా ప్రాక్టీస్‌లకు నీళ్లు, ఐస్ మోశాను. ఉద్యోగం వచ్చాక డాలస్ పక్కన స్థిరపడి, ప్రతి సీజన్లో ఏదో ఒక స్టేడియానికి వెళ్తూనే ఉన్నాను. అందుకే ఈ ఆటను మైదానం అంచున సైడ్‌లైన్ నుంచీ చూశాను, స్టేడియం పై అంతస్తు అయిన పై డెక్ నుంచీ చూశాను.

ముందు డెంటన్ గురించి. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ పేరు మన తెలుగు ఎంఎస్ విద్యార్థులకు బాగా తెలుసు, కానీ దాని స్టేడియం సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఐ-35 హైవే మీద వెళ్తుంటే మూడు గాలిమరలు కనిపిస్తాయే, అదే. 2011లో అపోజీ పేరుతో తెరిచారు, ఇప్పుడు డాట్‌క్యూ స్టేడియం అంటున్నారు. తెరిచినప్పుడు సీట్లు 30,850. అమెరికాలో కొత్తగా కట్టిన కాలేజ్ ఫుట్‌బాల్ స్టేడియాల్లో పర్యావరణానికి మేలైన కట్టడాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు మొదట దీనికే వచ్చింది. అంతకుముందు వాడిన ఫౌట్స్ ఫీల్డ్ 1952 నాటిది. దాంట్లో మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండేది కాబట్టి ఆట దూరంగా జరుగుతున్నట్టు ఉండేది. కొత్తదాంట్లో ఆ ట్రాక్ లేదు. ఏ సీటులో కూర్చున్నా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) ఎటు చూస్తున్నాడో కనిపిస్తుంది. ఆట నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. ఎండ్ జోన్‌లో, అంటే మైదానం చివర, డేగ రెక్కల్లా వంగి ఉండే స్టాండ్ నాకు మరీ ఇష్టం. అక్కడి నుంచి చూస్తే ఎదురెదురుగా నిలబడ్డ ఆటగాళ్ల లైన్‌లో ఎక్కడ ఖాళీ ఏర్పడుతుందో, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఆ ఖాళీలోకి ఎలా దూరుతాడో ముందే తెలిసిపోతుంది. టీవీలో పక్కనుంచి చూస్తే ఈ సంగతి ఎప్పటికీ అర్థం కాదు.

ఇంకో మాట. ఆ స్టేడియం కోసం అథ్లెటిక్స్ ఫీజు కట్టడానికి 2008లో విద్యార్థులే ఓటు వేసి ఒప్పుకున్నారు. మీరక్కడ చదువుతుంటే ఆ సౌకర్యంలో మీ వాటా ఉన్నట్టే. ఒక్క మ్యాచ్ అయినా చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోకండి.

ఇక కైల్ ఫీల్డ్. కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్లది, 102,733 సీట్లు. 2014 సీజన్ అయ్యాక డిసెంబర్ 21న పడమటి స్టాండ్‌ను పేల్చి కూల్చేశారు. 2015 సీజన్‌కల్లా కొత్తది లేచింది. రెండు సీజన్ల మీద సాగిన ఆ పునర్నిర్మాణానికి 485 మిలియన్ డాలర్ల దాకా అయింది. ఆ డబ్బుకు తగ్గ పని నాకు కనిపించింది పై డెక్‌ల మీద వేసిన కప్పులో. ఆ కప్పు కింది వరసలకు నీడ ఇస్తుంది, జనం అరుపులను తిరిగి మైదానం మీదకే కొడుతుంది. ఒక్క నిర్మాణంతో రెండు పనులు జరిగాయి. అవతలి జట్టు మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఉన్నప్పుడు పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. 1922 జనవరి నుంచి వస్తున్న 'ట్వెల్త్ మ్యాన్' (పన్నెండో ఆటగాడు) సంప్రదాయం ప్రకారం విద్యార్థులు ఆట మొత్తం నిలబడే ఉంటారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పాడుతూ అటూ ఇటూ ఊగితే పై డెక్ కదులుతున్నట్టు కాళ్లకు తెలుస్తుంది. మొదటిసారి వెళ్లినవాళ్లకు టెన్షన్ పుడుతుంది, కానీ కంగారు పడాల్సిందేమీ లేదు.

2011 తర్వాత ఆగిపోయిన ఏ అండ్ ఎం, యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ పోటీ 2024 నవంబర్ 30న మళ్లీ మొదలైంది కూడా ఇక్కడే. లాంగ్‌హార్న్స్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ జట్టు) 17-7తో గెలిచారు. ఆ స్కోరు ఏ అండ్ ఎం అభిమానులకు ఎంత చేదుగా ఉన్నా, స్టేడియానికి మాత్రం ఆ రాత్రి నూటికి నూరు మార్కులు ఇస్తాను. ఇక్కడ మైదానం సహజమైన గడ్డి. దాని సంగతి కింద మళ్లీ చెప్తాను.

ఆ యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు ఆస్టిన్‌లో ఉన్న డారెల్ కె రాయల్ స్టేడియాన్ని 1924లో తెరిచారు, సీట్లు 100,119. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన టెక్సాస్ రాష్ట్రం వాళ్ల జ్ఞాపకార్థం కట్టారు. 2021లో 175 మిలియన్ డాలర్లతో దక్షిణం వైపు ఎండ్ జోన్ పూర్తి చేశాక నాలుగు వైపులా మూసుకుపోయి బాగా నిండుగా కనిపిస్తుంది, చప్పుడు కూడా ముందుకంటే బాగా నిలుస్తుంది. ఊరి మధ్యలో ఉండటం దీని పెద్ద బలం. ఆట అయ్యాక నడుచుకుంటూ తిండికి వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం మ్యాచ్ అయితే మాత్రం పడమటి వైపు టికెట్ కొనండి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు, కాసేపటికి పై కట్టడం నీడ కూడా పడుతుంది. తూర్పు వైపు కూర్చుంటే మూడున్నర నుంచి ఆరు దాకా ఎండ నేరుగా మొహం మీదే. ఇది ఒక్క ఆస్టిన్ సంగతే కాదు, ఉత్తర దక్షిణాలుగా వేసిన మైదానం ఎక్కడున్నా ఇదే లెక్క.

డాలస్ ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్ పాతది, ఇరుకైనది. అయినా అక్టోబర్‌లో టెక్సాస్, ఓక్లహోమా ఆడే రోజున యాభై గజాల గీత (మైదానం సరిగ్గా మధ్య గీత) దగ్గర జనం సరిగ్గా రెండు రంగులుగా విడిపోతారు. మ్యాచ్ టికెట్‌తోనే అదే పార్క్‌లో జరిగే స్టేట్ ఫెయిర్‌లోకి (రాష్ట్ర తిరునాళ్ల లాంటిది) వెళ్లొచ్చు. ఒక్కసారి చూసి తీరాలి.

ఒక పెద్ద స్టేడియంలో (పేరు అనవసరం) నాకు ఎదురైన సంగతి చెప్పాలి. సెప్టెంబర్ మ్యాచ్, పై డెక్. మంచినీళ్ల కుళాయి దగ్గర క్యూలోనే హాఫ్‌టైమ్ మొత్తం గడిచిపోయింది. నా ముందున్న ఒక పెద్దాయన కళ్లు తిరిగి మెట్ల మీదే కూలబడ్డారు. ఆయన్ని కిందకు తీసుకెళ్లడానికి స్టాఫ్ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆ స్టేడియంలో స్కోర్‌బోర్డ్ అద్భుతం. సూట్లలో (ఖరీదైన ప్రైవేటు గదుల్లో) కూర్చున్నవాళ్లకు ఏసీ ఉంది. పై డెక్ వాళ్లకు ఇంకో నాలుగు కుళాయిలు, రెండు ఫ్యాన్లు పెట్టడం కష్టమేమీ కాదు. లక్షమందిని పిలిచినప్పుడు లక్షమందికి నీళ్లు అందాలి కదా.

ఇప్పుడు ట్రైనింగ్ సెంటర్ల సంగతి. వీటి గురించి బయట జరిగే ప్రచారం వేరు, లోపల పనికొచ్చేవి వేరు. ఒరెగాన్ యూనివర్సిటీ 2013లో తెరిచిన హ్యాట్‌ఫీల్డ్-డౌలిన్ కాంప్లెక్స్ 145,000 చదరపు అడుగులు. నైకీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ అండతో కట్టింది, లోపల మంగలి షాపు కూడా ఉంది. క్లెమ్సన్ 2017లో 55 మిలియన్ డాలర్లతో కట్టిన సెంటర్‌లో జారుడు బల్ల, బౌలింగ్, మినీ గోల్ఫ్ ఉన్నాయి. హైస్కూల్ కుర్రాళ్లను ఆకర్షించడానికి ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ఐస్ మోసినవాడిగా నేను ఏ సెంటర్‌కి వెళ్లినా ముందు వెతికేది ఒక్కటే: ప్రాక్టీస్ మైదానం నుంచి కోల్డ్ టబ్ (చల్లటి నీళ్ల తొట్టె) ఎన్ని అడుగుల దూరంలో ఉంది?

వడదెబ్బ తగిలి శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన ఆటగాడిని వెంటనే చల్లటి నీళ్లలో ముంచాలి. మొదట చల్లబరచాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాతే. మొదటి అరగంటలో చల్లబరిస్తే ప్రాణం దాదాపు ఖాయంగా నిలుస్తుందని ట్రైనర్లకు మొదటి పాఠంగా నేర్పుతారు. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీలో ప్రాక్టీస్‌లో కుప్పకూలిన 19 ఏళ్ల ఆటగాడికి ఆ పని జరగలేదు. రెండు వారాల తర్వాత అతను చనిపోయాడు. యూనివర్సిటీ తన బాధ్యతను ఒప్పుకుంది. టబ్ ఖరీదు ఒక్క లాకర్ ఖరీదు కూడా ఉండదు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నేను పనిచేసిన చోట పద్ధతులు బాగుండేవి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత ప్రతి ఆటగాడి బరువు చూసి రాసేవాళ్లు. ఎంత తగ్గితే అన్ని నీళ్లు తాగించాలి, మర్నాటికి బరువు తిరిగి రాకపోతే ట్రైనర్ ఆపేస్తారు. మూడొందల పౌన్ల లైన్‌మెన్ (ముందు వరసలో నిలబడే భారీ ఆటగాళ్లు) విషయంలో మరీ జాగ్రత్త, ఎందుకంటే వాళ్ల శరీరం త్వరగా చల్లబడదు. 2017లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ) రోజుకు రెండు పూటల పూర్తి ప్రాక్టీస్‌ను ఆపేసింది. సీజన్ ప్రాక్టీస్‌లో మొదటి రెండు రోజులు హెల్మెట్లతోనే, ప్యాడ్లు లేకుండా ఆడాలన్న నియమమూ ఉంది.

టర్ఫ్ (కృత్రిమ గడ్డి) గురించి కూడా చెప్పాలి. గాలి 38 డిగ్రీలు ఉన్నప్పుడు కృత్రిమ టర్ఫ్ పైభాగం 60 దాటడం మామూలే. బూట్లలోంచి వేడి పాదాలకు తగులుతుంది. గడ్డి అంత కాలదు. వాన పడితే టర్ఫ్ మేలు, ఖర్చూ తక్కువ, నిజమే. అయినా ఆగస్టు ప్రాక్టీస్‌కి గడ్డి మైదానం, దాని పక్కనే ఏసీ ఉన్న ఇండోర్ మైదానం ఉంటే ఆ కాలేజీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. మెరుపులు వచ్చినా, ఎండ ముదిరినా ప్రాక్టీస్ ఆగదు, ఎవరూ కళ్లు తిరిగి పడిపోరు.

ఫ్రిస్కో, ఆలెన్ వైపు ఉండే మన తల్లిదండ్రులకు ఒక మాట. ఆలెన్ హైస్కూల్ స్టేడియం 2012లో 60 మిలియన్ డాలర్లతో 18,000 సీట్లతో తెరిచారు. కాంక్రీటులో పగుళ్లు వచ్చి 2014లో మూసేశారు, 2015లో మళ్లీ తెరిచారు. మీ అబ్బాయి ఫుట్‌బాల్‌లో చేరతానంటే స్టేడియం చూసి మురిసిపోకండి. అథ్లెటిక్ ట్రైనర్ రోజూ ప్రాక్టీస్‌లో ఉంటారా, టబ్ నింపి పెడతారా అని కోచ్‌ని నేరుగా అడగండి. కాలేజీ రిక్రూటింగ్ టూర్‌లో కూడా ఇవే ప్రశ్నలు వేయండి.

2025 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. కాబట్టి జారుడు బల్లలకు పెట్టే ఖర్చు తగ్గుతుందని నా అంచనా. తగ్గనివ్వండి. ట్రైనర్ల జీతాలు, ఐస్, నీళ్ల ఖర్చు మాత్రం తగ్గకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలంటే: సెప్టెంబర్‌లో డెంటన్, అదీ సాయంత్రం మ్యాచ్. పులిహోర డబ్బాలు కట్టుకెళ్లి పార్కింగ్‌లో టెయిల్‌గేట్ (ఆటకు ముందు కార్ల దగ్గర కలిసి తినడం) చేసుకోండి. అమ్మానాన్నలు ఊరి నుంచి వస్తే వాళ్లనూ తీసుకెళ్లండి, మెట్లు తక్కువే. అక్టోబర్‌లో కాటన్ బౌల్. కైల్ ఫీల్డ్ నవంబర్‌కి ఉంచుకోండి. డాలస్ నుంచి మూడు గంటల డ్రైవ్, ఆట అయ్యాక ట్రాఫిక్ దారుణం, ఆ రాత్రికి అక్కడే గది తీసుకుంటే మంచిది.