ఫుకెట్ తెరచాప పడవ ట్రిప్: బోటు బంగారం, ఏజెన్సీతోనే గొడవ

బెజవాడలో ఏ ట్రావెల్స్ ఆఫీసుకెళ్లి థాయిలాండ్ అన్నా ముందు బ్యాంకాక్, పట్టాయా కాగితమే చేతిలో పెడతారు. మాకు కావాల్సింది అది కాదు, ఫుకెట్ దగ్గర తెరచాప పడవలో దీవి నుంచి దీవికి తిరుగుతూ రాత్రుళ్లు కూడా పడవలోనే పడుకునే ట్రిప్. బెంజ్ సర్కిల్ వైపు ఒక ఏజెన్సీలో (పేరెందుకులెండి) "ఉంది సార్, యాట్ ప్యాకేజీ, ఇక మీరు రూపాయి తియ్యక్కర్లేదు" అన్నారు. నేషనల్ పార్కు టికెట్లు అందులో లేవని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఒక్క మాయా బేకే (ఫీఫీ దీవుల్లోని బీచి) విదేశీ పెద్దవాళ్లకి తలకి 400 బాత్. మనమెంతమందిమి వెళ్తామో మీకు తెలుసుగా.

అసలు ఆ కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి స్పీడ్‌బోటుకీ దీనికీ తేడా తెలుసా అని నా డౌట్. స్పీడ్‌బోటు పొద్దున తీసుకెళ్లి నాలుగు దీవులు చూపించి సాయంత్రానికి హోటల్లో దింపేస్తుంది. ఇది గంటకి ఏ పది పన్నెండు కిలోమీటర్లో పోతుంది, అంతే. పక్కపక్కన రెండు పడవలు కలిపి పైన ఇల్లు కట్టినట్టుంటుంది కటమరాన్, కాబట్టి పెద్దగా ఒరగదు, మాలో వాంతులు కూడా ఒకరిద్దరికే, అదీ ఫీఫీ వైపు బయటి సముద్రంలోకి వచ్చాకే (అవోమిన్ బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ). చూడాల్సిన స్పాట్లు లెక్కపెట్టుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు.

పెద్ద తెరచాప ఎత్తేటప్పుడు కెప్టెన్ మమ్మల్నీ పిలిచాడు. తాడు వించ్‌కి (తాడు లాగే ఇనుప డ్రమ్ము) మూడు చుట్లు చుట్టి హ్యాండిల్ తిప్పాలి, మొదట్లో ఏముందిలే అనిపిస్తుంది, గుడ్డ సగం లేచాక తెలుస్తుంది దాని బరువు, మా బావమరిది జిమ్ కండలన్నీ అక్కడే అయిపోయాయి. వేళ్లు ఆ చుట్ల దగ్గర పెట్టొద్దని కెప్టెన్ పదేపదే అరుస్తూనే ఉన్నాడు, ఎందుకంటే గాలి ఒక్కసారి లాగిందంటే తాడుకీ ఇనుముకీ మధ్య వేలు నలిగిపోతుంది. తర్వాత ఇంజిన్ ఆపేశాడు. అప్పుడు తెలిసింది అంతసేపూ ఎంత రొదలో కూర్చున్నామో. అలాగని రోజంతా తెరచాప మీదే పోతారనుకోకండి, గాలి పడిపోతే మళ్లీ ఇంజినే.

వెళ్తే నవంబర్ నుంచి ఏప్రిల్ లోపే వెళ్లండి. ఆ నెలల్లో ఈశాన్యం గాలి ఉంటుంది, ఫాంగ్ న్గా బే అనే అఖాతం ఫుకెట్‌కి తూర్పున నేల మధ్య ఉంది కాబట్టి గాలి దొరుకుతుంది కానీ పెద్ద అలలు ఉండవు. మే తర్వాత నైరుతి మొదలైతే పడమర వైపు సముద్రం మాట వినదు. మాయా బే అయితే ఆగస్టు, సెప్టెంబర్లలో మూసేస్తారు. 2018లో పగడాలు పాడయ్యాయని మూసి 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు బోట్లు వెనక వైపు ఆపి నడిచి వెళ్లాలి, ఈత కొట్టనివ్వరు. నిజం చెప్పాలంటే నాకు అది పెద్దగా ఆనలేదు.

నాకు నచ్చింది ఫాంగ్ న్గాలోని హాంగ్‌లు. సున్నపురాతి కొండ లోపల పైకప్పు కూలిపోయి, చుట్టూ నిలువు గోడలు, పైన ఆకాశం, కింద ఉప్పునీళ్లు, మడ చెట్లు. లోపలికి కయాక్‌లో, చీకటి గుహలోంచి, కొన్నిచోట్ల వెల్లకిలా పడుకుని పోవాలి, రాయి ముక్కుకి జానెడు దూరంలో ఉంటుంది. పోటు ఎక్కువుంటే గుహ మూసుకుపోతుంది, పాటు ఎక్కువుంటే బురదలో ఇరుక్కుంటాం, అందుకే కెప్టెన్ పొద్దున్నే పోటు పట్టిక చూసి గానీ ఆరోజు ప్లాన్ చెప్పడు. ఏజెన్సీ ఇచ్చిన టైమ్‌టేబుల్ కాగితం చూసి నవ్వి పక్కన పెట్టేశాడు! అందరూ ఫోటోలు దిగే కొ టాపు రాయి దగ్గర జనమే జనం, అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. నీళ్లలో కర్రల మీద కట్టిన కొ పన్యీ ఊరు మాత్రం వదలొద్దు, ముస్లిం జాలర్ల ఊరు, పిల్లలు ఆడుకోవడానికి నీటి మీద తేలే ఫుట్‌బాల్ గ్రౌండ్ కూడా ఉంది.

తిండి సంగతి. చేపలు, రొయ్యలు తినేవాళ్లకి పండగే. శాకాహారులకి మాత్రం చిక్కు, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. "జే" అని చెప్తే అది లేకుండా చేస్తారు, కాకపోతే వెల్లుల్లి కూడా వేయరు. మా అత్తయ్యగారు ముందుచూపుతో తెచ్చిన గోంగూర, కందిపొడి లేకపోతే ఆవిడ ఉపవాసమే. వంటమనిషి కూడా గోంగూర రుచి చూసి రెండోసారి అడిగి వేయించుకుంది. అన్నట్టు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు ఆలోచించండి, ప్రతిసారీ పడవ నుంచి డింగీ అనే చిన్న పడవలోకి, అందులోంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి. టాయిలెట్‌లో కాగితం వేయకూడదు, మంచినీళ్ల ట్యాంకు చిన్నది, స్నానం రెండు నిమిషాల్లో ముగించాలి. పగడాలకి హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లు అక్కడి నేషనల్ పార్కుల్లో 2021 నుంచి నిషేధం, డబ్బా వెనక చూసి కొనుక్కోండి. ఇవేవీ మనకి ఇక్కడ చెప్పరు.

అన్నిటికన్నా కడుపు మండిందెక్కడంటే, అదే బోటులో ఉన్న పుణె జంట నేరుగా బోటువాళ్లకే మెయిల్ పెట్టి బుక్ చేసుకున్నారట, మాకంటే దాదాపు మూడోవంతు తక్కువకి. తిరిగొచ్చాక ఏజెన్సీలో అడిగితే "అది సర్వీస్ చార్జ్ సార్" అన్నారు. ఏ సర్వీసో మరి.

ఏజెన్సీకి ఒక్క స్టారు. బోటుకి, కెప్టెన్‌కి, వంటమనిషికి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే రాత్రి లంగరు వేశాక జనరేటర్ ఆపేస్తారు, ఏసీ ఉండదు, కింద గదుల్లో ఉక్క. దిండు పట్టుకుని డెక్ మీదకొచ్చి పడుకోవడమే, కాకపోతే తెల్లవారుజామున మంచుకి దుప్పటి తడుస్తుంది, ఇంకోటి అడిగి దగ్గర పెట్టుకోండి.