లెక్కల హోంవర్క్‌కు ఏది మేలు: ట్యూషన్ సెంటరా, ఫోనా, ఇంటికొచ్చే సారా, మనమేనా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో పెట్టే మొదటి చిన్న పరీక్ష ఎఫ్ఏ-1లో లెక్కలకు 20కి 8 వచ్చాయి. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరుగారు "ఆల్జీబ్రా వీక్ అండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో మేముండే సందులోనే మూడు ట్యూషన్ బోర్డులు వేలాడుతుంటాయి కాబట్టి వైద్యులకు కొరత లేదు. జబ్బు ఆల్జీబ్రాలో కాదు, ఎప్పుడో చిన్న క్లాసులో వదిలేసిన కారణాంకాల్లో (ఫ్యాక్టర్లలో) ఉందని తెలిసేసరికి మాత్రం దసరా దాటింది.

ముందు సెంటరుకే పంపాం. బడి నుంచి వచ్చి, ఏదో ఇంత తిని, ఆరింటికల్లా అక్కడుండాలి. ఒకే గదిలో పాతిక మంది, ఆరు నుంచి పది దాకా అన్ని క్లాసులూ కలిపి. చెప్పే మేడమ్ ఓపికస్తురాలే. కానీ అంతమంది హోంవర్కులూ గంటన్నరలో పూర్తి చేయించి పంపాలంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? బోర్డు మీద లెక్క చేస్తుంది, పిల్లలు దించుకుంటారు, మర్నాడు బడిలో టిక్కు పడుతుంది. రెండు నెలల పాటు నోట్సు నిండా ఎర్ర టిక్కులు చూసి మురిసిపోయాం. ఎఫ్ఏ-2లో 9 వచ్చాయి. ఒక్క మార్కు పెరిగింది, కాదనను.

అయితే అదే సెంటరు మా బావమరిది కొడుక్కి బాగా పనికొచ్చింది. వాడికి లెక్కలొచ్చు, ఇంట్లో కుదురుగా కూర్చోడు, అంతే. నలుగురి మధ్య కూర్చోబెడితే చకచకా చేసేస్తాడు. బద్ధకానికి సెంటరు మంచి మందే. రాకపోవడానికి కాదు.

ఫోను సంగతికొస్తే, వీడియో పాఠం వేరు, ఫోటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్ వేరు. రెండిటినీ కలిపి "ఆన్‌లైన్‌లో చదువుతోంది" అనేస్తాం. వీడియోల మీద నాకు ఫిర్యాదు లేదు. తెలంగాణ ప్రభుత్వ ఛానల్ టీ-సాట్‌లో మన సిలబస్ పాఠాలే ఉచితంగా దొరుకుతాయి. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ వినొచ్చు, ఎన్నిసార్లు అడిగినా వీడియో విసుక్కోదు. యాప్ కథ వేరు. ఒకరోజు 6 ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ మైనస్ 12ను కారణాంకాలుగా విడగొట్టమని హోంవర్క్ ఇచ్చారు. మా అమ్మాయి ఫోటో కొట్టింది. యాప్ దాన్ని సమీకరణం అనుకుని, పదో తరగతిలో వచ్చే సూత్రం వేసి, మైనస్ మూడు బై రెండు, నాలుగు బై మూడు అని జవాబిచ్చింది. ఈవిడ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుపోయింది. "ఈ ఫార్ములా నీకెవరు చెప్పారు?" అని క్లాసులో లేపి అడిగితే నీళ్లు నమిలిందట. యాప్ చెప్పింది తప్పేమీ కాదు, అడిగింది మాత్రం అది కాదు.

ఆ తర్వాత కుదిరాడు ఇంటికొచ్చే సారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివే కుర్రాడు, తార్నాక నుంచి బండి మీద వస్తాడు. వారానికి మూడు రోజులు, ఫీజు సెంటరుకు రెండింతల పైమాటే. మొదటి రోజు హోంవర్క్ ముట్టుకోనే లేదు. క్లాసులో అవమానం తెచ్చిన ఆ లెక్కనే రఫ్ బుక్కులో మళ్లీ చేయమని, తను పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాడు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అదే చూస్తున్నాను.

6ని మైనస్ 12తో గుణిస్తే మైనస్ 72. గుణిస్తే మైనస్ 72, కలిపితే 1 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. ఇంతవరకూ గడగడా చెప్పింది. అక్కడ ఆగిపోయింది. 6, 12 రాసింది, కొట్టేసింది. 2, 36 రాసింది, కొట్టేసింది. మళ్లీ 12, 6 అని రాసింది. పది నిమిషాలు అలాగే గడిచాయి. కుర్రాడు నా వైపు తిరిగి, "అంకుల్, తనకి ఆల్జీబ్రా బాగానే వచ్చు. 72 రాదు" అన్నాడు.

అప్పుడు 72ను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టించాడు: మూడు రెండ్లు, రెండు మూళ్లు. వాటిని రెండు గుంపులుగా పంచుతూ పోతే జతలన్నీ వరసగా పడ్డాయి. 1×72, 2×36, 3×24, 4×18, 6×12, 8×9. ఆరే జతలు, ఏడోది లేదు. కాగితం మీద కనబడగానే తనే పట్టేసింది: ప్లస్ 9, మైనస్ 8. ఆపైన రెండు నిమిషాల్లో (2ఎక్స్ + 3)(3ఎక్స్ − 4) వచ్చేసింది. అప్పటిదాకా గుడ్డిగా తడుముకుంటోందని సెంటర్లో ఎవరికీ తెలియలేదు. యాప్‌కు తెలిసే వీలే లేదు. బీజగణితం పుస్తకంలో కొత్త పాఠం కావచ్చు గానీ, అందులో సగం ఎక్కాలే.

రెండో వారం 1 నుంచి 100 దాకా గళ్లు గీయించి, ప్రధాన సంఖ్యల్ని (ప్రైమ్ నంబర్లని) ఏరే ఎరటోస్తనీస్ జల్లెడ పట్టించాడు. 1 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి దాన్ని ముందే తీసేయాలి. ఆ తర్వాత 2, 3, 5, 7, ఈ నాలుగిటినీ ఉంచి వాటి గుణిజాలు కొట్టేస్తే చాలు, మిగిలిన 25 ప్రధాన సంఖ్యలే. 11 దాకా పోనక్కర్లేదు. పదకొండు పదకొండ్లు 121, వంద దాటిపోయింది కదా. ఈ "ఎక్కడ ఆగాలి" అన్న ముక్క నాకూ అప్పుడే తెలిసింది.

లోపాలు లేకపోలేదు. వాన పడితే రాడు, మన ఊళ్లో వానంటే తెలిసిందేగా. వాళ్ల సెమిస్టర్ పరీక్షలప్పుడు మూడు వారాలు పత్తా లేడు.

ఆ మూడు వారాలూ నేను కూర్చోవాల్సి వచ్చింది. నాది సూర్యాపేటలో తెలుగు మీడియం. నాకు గసాభా, కసాగు తెలుసు, దానికి హెచ్‌సీఎఫ్, ఎల్‌సీఎం తెలుసు. "కసాగు ఏంటి నాన్నా, పిండివంటా?" అని నవ్వింది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్నవి వచ్చాయి. ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాక మా ఇద్దరికీ భాష కుదిరింది. నాకు కుదరనిది కోపం. ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చి కూర్చుంటే, మూడో తప్పుకే "ఇది కూడా రాదా!" అని నోరు జారేది. పరాయి కుర్రాడు ఆ మాట అనడు. ఇంట్లో సాయానికి అసలు ఇబ్బంది ఇదే, లెక్కలు రాకపోవడం కాదు.

అయినా మంచి రోజు ఒకటి దొరికింది. డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, బడిలో గణిత దినోత్సవం. చార్టు మీద రామానుజన్ సంఖ్యగా పేరున్న 1729ని పెద్దక్షరాలతో రాస్తోంది. 1 క్యూబ్ ప్లస్ 12 క్యూబ్ అన్నా, 9 క్యూబ్ ప్లస్ 10 క్యూబ్ అన్నా అదే వస్తుందని, అంతా రంగురంగుల స్కెచ్‌లతో. "అది ప్రధాన సంఖ్యేనా?" అని ఊరికే అడిగాను. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. ఏ క్యూబ్ ప్లస్ బీ క్యూబ్‌కి ఏ ప్లస్ బీ కారణాంకం అన్న సూత్రం దానికి కంఠతా వచ్చు. స్కెచ్ పెన్ను పట్టుకుని కాసేపు చూసి, "1 ప్లస్ 12... 13 పోతుంది నాన్నా! 9 ప్లస్ 10... 19 కూడా!" అంది. భాగిస్తే మిగిలింది 7. పదమూడు, పందొమ్మిది, ఏడు. సూత్రం కంఠతా పట్టడానికే కాదని దానికి ఆ రోజు తెలిసింది. చార్టు మూలన అది కూడా రాసింది.

నన్నడిగితే, ముందు డబ్బు ఖర్చుపెట్టకండి. 51, 57, 87, 91 రాసి, వీటిలో ప్రధాన సంఖ్యలేవో అడగండి. ఒక్కటీ కాదు. రెండు మూడు తప్పుగా చెప్తే ఆల్జీబ్రా ట్యూషన్ ఇప్పుడే వద్దు, రెండు నెలలు ఎవరినైనా పక్కన కూర్చునేవాళ్లను పెట్టండి. సారే అవ్వాలని లేదు, పై అంతస్తులో ఇంటర్ చదివే అక్క అయినా చాలు, పెన్ను లాక్కోకుండా చూడగలిగితే. అన్నీ సరిగ్గా చెప్పి, హోంవర్క్ మాత్రమే మిగిలిపోతుంటే సెంటరు చవక. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఇచ్చే లావుపాటి పుస్తకం సంగతి నేను మాట్లాడను, మా ఇంట్లో అది ఇస్త్రీ బట్టల మీద బరువుగా ఉంది.

సంక్రాంతి తర్వాత సారును వారానికి ఒక్కరోజుకు తగ్గించాం. యాప్ తీసేయలేదు గానీ, రఫ్ బుక్కులో లెక్క పూర్తిగా చేసి చూపిస్తేనే ఫోటో, అదీ జవాబు సరిచూసుకోవడానికి. మొన్న ఆదివారం ఆరో తరగతి చదివే మావాడికి వాళ్లక్కే జల్లెడ గళ్లు గీసిచ్చింది. వాడు 91 చుట్టూ సున్నా చుట్టి ప్రైమ్ అన్నాడు. ఇది వంటింట్లోంచే అరిచింది: "పదమూడు ఏడులు ఎంతరా?"