ఎండాకాలం చిన్న కోర్సు: బెంగళూరు క్లాసురూమా, బిళిగిరి కొండలా, పాడేరా?

మారుమూల ప్రాంతాల ప్రజారోగ్యం మీద మే నెలలో రెండు వారాల కోర్సు చెప్పమని యూనివర్సిటీ అడిగితే ముందు తేల్చుకోవాల్సింది సిలబస్ కాదు, చోటు. బెంగళూరులో ఈ సబ్జెక్టు చెప్పే తెలుగువాళ్లం నలుగురం కలిస్తే ఈ వాదన తప్పదు. అంతా క్యాంపస్‌లోనే కానిచ్చేద్దాం అని ఒకరంటారు. పిల్లల్ని కర్ణాటకలోనే ఉన్న బిళిగిరి రంగన బెట్ట అనే కొండలకు తీసుకెళ్లి అక్కడే పాఠం చెబుదాం అని ఇంకొకరు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లయితే "మన పాడేరు ఉండగా ఈ కొండలెందుకండీ?" అంటారు.

ముందు గంటల సంగతి. యూజీసీ లెక్కలో ఒక క్రెడిట్‌కి 15 గంటల లెక్చర్. అదే ఫీల్డ్ పనైతే 30 గంటలు. రెండు క్రెడిట్ల కోర్సు క్లాసులోనైతే 30 గంటల్లో అయిపోతుంది, పూర్తిగా ఫీల్డ్‌లోనైతే 60 గంటలు పడుతుంది. బస్సులో కూర్చున్న గంటలకు ఎవరూ క్రెడిట్ ఇవ్వరు. ఇవ్వాలని నేనంటాను, ఎందుకో కింద చెబుతాను.

క్లాసురూమ్‌ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు కానీ, బెంగళూరులో కూర్చుని చెప్పగలిగింది చాలా ఉంది. బళ్లారి రోడ్డులో 1959లో పెట్టిన నేషనల్ ట్యుబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ సంగతే చూడండి. అప్పట్లో అక్కడి పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ రోగుల్ని కలిసి మాట్లాడారు. పల్లె జనానికి జబ్బు గురించి తెలియదు, అందుకే ఆసుపత్రికి రారు అని అందరూ అనుకునే కాలం అది. 1963లో అచ్చయిన వాళ్ల అధ్యయనం వేరే సంగతి చెప్పింది. రోగుల్లో సగానికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కినవాళ్లే. దగ్గు మందు చేతిలో పెట్టి వాళ్లను వెనక్కి పంపేశారు. జనానికి అవగాహన లేదని నింద వేసే అలవాటు మన విద్యార్థుల్లో ఈరోజుకీ ఉంది. దాన్ని వదిలించడానికి ఈ ఒక్క పాఠం చాలు. ఆ సంస్థ పుట్టిన రోజుల్లో ఇక్కడ క్షయ నివారణ పనిలో ఉన్న డబ్ల్యూహెచ్ఓ అధికారి హాఫ్‌డన్ మాలర్ తర్వాత ఆ డబ్ల్యూహెచ్ఓకే అధిపతి అయ్యారు. ప్రాథమిక వైద్యం అందరికీ అందాలన్న అల్మా అటా ప్రకటన 1978లో వెలువడింది ఆయన హయాంలోనే. అంటే ప్రపంచమంతా చదివే పాఠంలో కొంత ఈ ఊళ్లోనే తయారైంది.

మ్యాపు పనికీ క్లాసే మేలు. మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, అంటే సబ్‌సెంటర్, ఉండాలని నిబంధన. దానికి పైనుండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అయితే మైదానంలో 30,000 మందికి, కొండల్లో 20,000 మందికి. ఆ 3,000 మంది ఒకే ఊళ్లో ఉన్నారా, కొండ చుట్టూ చిన్న చిన్న గూడేలుగా విడిపోయి ఉన్నారా అన్నది ఆ అంకె చెప్పదు. మ్యాపు పరిచి, సబ్‌సెంటర్‌లో పనిచేసే నర్సు, అంటే ఏఎన్ఎం, వారంలో అన్ని గూడేలూ ఎలా తిరుగుతుందో మీరే వేసి చూపించండి అని పిల్లలకు వదిలేస్తే రెండు గంటలు గడిచినా ఎవరూ తల ఎత్తరు. క్లాసురూమ్‌తో చిక్కల్లా, అంతా అర్థమైపోయిందన్న ధీమాతో పిల్లలు బయటకు వెళ్తారు.

బిళిగిరి కొండలు చామరాజనగర జిల్లాలో ఉన్నాయి, బెంగళూరు నుంచి ఒక పూట ప్రయాణం. డాక్టర్ సుదర్శన్ 1981లో అక్కడి సోలిగ గిరిజనుల కోసం వివేకానంద గిరిజన కల్యాణ కేంద్రం మొదలుపెట్టారు. 1994లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ గురించి చెప్పాలన్నా, అడవిలో బతికేవాళ్లకీ ఆసుపత్రికీ మధ్య నమ్మకం ఎలా కుదురుతుందో చూపించాలన్నా అంతకన్నా దగ్గరి చోటు లేదు. సోలిగల మాట కన్నడానికి దగ్గర కాబట్టి బెంగళూరులో పెరిగిన మన తెలుగు పిల్లలు నెట్టుకొచ్చేస్తారు. పులుల అభయారణ్యం కాబట్టి అనుమతులు మాత్రం ముందే తీసుకోవాలి.

ఆ చోటుకున్న లోపమేమిటంటే, అది మరీ మంచి ఉదాహరణ. నలభై ఏళ్లకు పైగా ఒక మంచి సంస్థ నిలబడి పనిచేసిన కొండను చూసి, మారుమూల అంటే ఇలాగే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. పైగా ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి ప్రశ్నలడిగే చోటు. సర్వే ప్రశ్నావళి పట్టుకుని ఇంకో ముప్పై మంది దిగితే ఆ ఊరివాళ్లకు ఒరిగేదేమిటో మాస్టారు ముందుగా ఆలోచించుకోవాలి.

ఇక పాడేరు. మనవాళ్ల మనసు లాగేది అటే, నాదీ అటే. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు దాని కేంద్రమైంది. బెంగళూరు నుంచి రైల్లో రాత్రీ పగలూ కూర్చుంటే విశాఖ, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. రానూ పోనూ నాలుగు రోజులు ప్రయాణానికే పోతాయి. తెలుగు ఉంది కదా, భాషతో చిక్కేముంది అనుకుంటారు. లోపలి గూడేల్లో కువి, ఆదివాసీ ఒడియా వినిపిస్తాయి. చివరికి ఏఎన్ఎం అమ్మగారే మనకు దుబాసీ అవుతుంది. ఆ పూట ఆమె చూడాల్సిన బాలింతలు ఆగిపోతారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు మే నెలే. ఎండాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, ఎండి ఉంటాయి, జీపు గూడెం దాకా పోతుంది. అదే దారి ఆగస్టులో గెడ్డ పొంగితే తెగిపోతుంది. నొప్పులొస్తున్న మనిషిని డోలీ కట్టి మోసుకెళ్లేది అప్పుడు. మలేరియా పెరిగేదీ, పొలం పనుల్లో పాములు కరిచేదీ వానల్లోనే. మేలో వెళ్లి "రోడ్డు బాగానే ఉంది కదా సార్" అని తిరిగొచ్చే విద్యార్థిది తప్పు కాదు. మనం వాడికి ఏడాదిలో తేలికైన నెల చూపించాం. వేసవి కోర్సు ఏ కొండకు వెళ్లినా ఈ బెడద ఉంటుంది, కాకపోతే పాడేరులో నష్టం ఎక్కువ, ఎందుకంటే అంత దూరం వెళ్లింది ఆ కష్టం చూడ్డానికే.

వానాకాలాన్ని మేలో చూపించే దారి ఒకటుంది, రిజిస్టర్. ఒక ఏజెన్సీ పీహెచ్‌సీ నుంచి, అధికారుల అనుమతితో, పేర్లు లేకుండా నెలవారీ మొత్తాలు మాత్రం తెచ్చుకోవాలి. ఓపీ ఎంత, మలేరియా పరీక్షకు రక్తపూతలు ఎన్ని తీశారు, కాన్పులు ఎక్కడ జరిగాయి. మే నెల అంకెల పక్కన ఆగస్టు అంకెలు పెట్టండి. ఏదైనా వరుస తగ్గి కనిపిస్తే, జబ్బులు తగ్గాయా, జనం గెడ్డ దాటలేకపోయారా అని అడగండి. థాడియస్, మెయిన్ 1994లో రాసిన మూడు ఆలస్యాలు, అంటే వెళ్దామని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో జరిగే ఆలస్యాలు, అప్పుడు చెప్పాలి. ముందే చెబితే పరీక్షకు రాసుకునే పాయింట్లుగా మిగిలిపోతాయి.

కాబట్టి రెండు వారాలే ఉంటే నా ఓటు బెంగళూరుకే, మధ్యలో మూడు రోజులు బిళిగిరికి. పాడేరు క్లాసులోకి కాగితాల మీద రావాలి. కొండకు ఏసీ టెంపోలో వద్దు. చామరాజనగర దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కొండకు ఇంకో బస్సు. దిగేటప్పుడు, రోగిని పెద్దాసుపత్రికి పంపితే ఏ దారిన వెళ్తాడో అదే దారిన, గడియారం చూసుకుంటూ. ఎక్కడ ఎంతసేపు ఆగారు, చార్జీ ఎంతైంది, ఆ పూట కూలి పోతే ఎంత పోయినట్టు అని రాసుకోమనాలి. బస్సు గంటలకు క్రెడిట్ ఇవ్వాలన్నది అందుకే.

ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో క్లాసుకు పిలిస్తే ప్రొఫెసర్‌కి ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి. ఇక్కడ ఆఫీసుతో కాస్త యుద్ధం తప్పదు. ఫారంలో "అత్యున్నత డిగ్రీ" అనే గడి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే బిల్లు కదలదు.

హౌస్ సర్జన్లో, ఇప్పటికే పల్లెల్లో పనిచేసి వచ్చిన ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) వాళ్లో మీ ముందు కూర్చుంటే లెక్క మారుతుంది. వాళ్లకు మ్యాపు పాఠం కొత్త కాదు. నలుగురైదుగురిని ఎంచుకుని పాడేరుకే పంపండి, కానీ మేలో కాదు, జులై ఆఖర్లో, కనీసం నెల రోజులకు. వేసవి కోర్సు అని పేరు పెట్టాం కాబట్టి జులైకి డబ్బు రాదని డీన్ ఆఫీసు అంటుంది. అలా అంటే కోర్సు వేసవిలోనే మొదలుపెట్టి, ఫీల్డ్ భాగాన్ని వర్షాకాలానికి జరుపుతున్నట్టు ప్రతిపాదనలోనే రాసుకోండి.