మరమనిషి దేహమా, నౌకే దేహమా?

సైన్స్ ఫిక్షన్ రచయితలు అంతరిక్ష నౌకలోని యంత్రమేధకు సాధారణంగా రెండు రకాల దేహాలు ఇస్తుంటారు: ఒకటి కాళ్లూ చేతులూ ఉన్న మరమనిషి, మరొకటి తలుపులు, కెమెరాలు, గాలి సరఫరాతో సహా నౌక మొత్తం. నౌకలోని పిడులూ మీటలూ పనిముట్లూ మనిషి చేతికి తగినట్టు తయారైనవి కావడం మొదటిదానికి కలిసివచ్చే విషయం. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన నాసా మరమనిషి రోబోనాట్ 2కు మన చేతివేళ్ల వంటి వేళ్లు అమర్చింది అందుకే. చిక్కంతా కాళ్లతోనే వచ్చింది. భారరహిత స్థితిలో నడక ఉండదు కనుక, 2014లో పంపిన ఆ కాళ్లకు పాదాల బదులు కమ్మీలను పట్టుకునే బిగింపులు పెట్టారు. అవి అమర్చాక విద్యుత్ సమస్యలు తలెత్తి, 2018లో దానిని భూమికి దించవలసి వచ్చింది.

నౌకే దేహమైన మేధ ఒకేసారి అన్ని గదుల్లోనూ ఉంటుంది గానీ, వదులైన ఒక్క మరను బిగించడానికైనా దానికి చెయ్యి లేదు. మరమనిషితో పొసగకపోతే గది మారవచ్చు, పీల్చే గాలితో పేచీ పెట్టుకోలేము కదా! కథకైతే నౌకనే ఎంచుకుంటాను, నిజమైన యాత్రకు మాత్రం ఇస్రో మరమనిషి వ్యోమమిత్రలా కాళ్లు లేని అర్ధదేహం చాలు.