అమీర్‌పేట్‌లో సైకాలజీ రీసెర్చ్ మెథడ్స్ వీకెండ్ క్లాస్, 4/5

నెట్ ఎగ్జామ్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) కోసం అమీర్‌పేట్ మెట్రో దగ్గర ఓ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు వీకెండ్లు వెళ్లా, పేరు వద్దులెండి, క్లాస్ మాత్రం అదిరింది. మేడమ్ మొదటి రోజే క్లెవర్ హాన్స్‌తో మొదలెట్టారు, జర్మనీలో కాలు తట్టి లెక్కలకి జవాబు చెప్తుందని అందరూ నమ్మిన గుర్రం అది, 1907లో ఫుంగ్‌స్ట్ అనే సైకాలజిస్ట్ టెస్ట్ చేస్తే తేలిందేంటంటే అడిగేవాళ్లకి జవాబు తెలీకపోతే గుర్రానికీ తెలీదు, వాళ్ల తల చిన్నగా కదలడం చూసి కాలు తట్టడం ఆపేసేదంతే! డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏమిచ్చారో టెస్ట్ చేసేవాళ్లకీ, పాల్గొనేవాళ్లకీ తెలీకుండా ఉంచడం) ఎందుకు పెడతారో అప్పుడు బుర్రకెక్కింది, డిగ్రీలో మూడేళ్లు బట్టీ కొట్టినా ఎక్కలేదు మరి.

ఎండాకాలం చెరుకురసం అమ్మకాలూ వడదెబ్బ కేసులూ రెండూ పెరుగుతాయి, అంటే రసం తాగితే వడదెబ్బ తగులుతుందా అని అడిగారు, కోరిలేషన్ (రెండు విషయాలు కలిసి మారడం, అంతమాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అనలేం) చాప్టర్ అక్కడే అయిపోయినట్టు. 2015లో 100 సైకాలజీ స్టడీస్ మళ్లీ చేసి చూస్తే సగం కూడా నిలబడలేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

స్టాటిస్టిక్స్ మాత్రం రెండు క్లాసుల్లో చుట్టేశారు, పీ వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి రిజల్ట్ ఊరికే వచ్చే అవకాశమెంతో చెప్పే అంకె) దగ్గర ఇప్పటికీ తడబడతా. ఏసీ ఉంది, పనిచేయదు. పార్కింగ్ సంగతి అడక్కండి. గోడ మీద "100% రిజల్ట్" బోర్డు చూసి శాంపిల్ సైజ్ ఎంత అన్నా, ఎంతమందిని లెక్కేశారు అని రిసెప్షన్‌లో అడిగితే మొహం మాడ్చుకున్నాడు.