అరోల్సన్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్: నల్గొండల కూసొని వాడి చూసిన, 5 స్టార్లు

ఎంఏ హిస్టరీ ప్రాజెక్టుకు యూదుల మారణహోమం తీసుకున్న. మా సారేమో పుస్తకాలల్ల ఉన్నది ఎత్తి రాయకు, అసలు కాయితం చూడు అన్నడు. నల్గొండల జర్మనీ కాయితాలు యాడ దొరుకుతయి అనుకుంటుంటే ఈ సైట్ కనబడ్డది. జర్మనీల బాడ్ అరోల్సన్ అనే చిన్న టౌన్ల ఉన్న ఆర్కైవ్ ఇది, 3 కోట్ల దాక డాక్యుమెంట్లు, కోటీ 75 లక్షల మంది పేర్లు, యూదులయే కాదు నాజీలు పట్టుకపోయినోళ్ళవి చానా మందివి. పైసా కట్టేది లేదు, పేరు కొట్టి చూసుడే.

జర్మనీల నాజీలు పెట్టిన బుకెన్‌వాల్డ్ క్యాంపుల ఖైదీ కార్డు తెరిచి చూడుండ్రి. పేరు, పుట్టిన తారీఖు, మతం, చేసే పని, ఆ కింద ముక్కు ఎట్లుంది, పండ్లు ఎట్లున్నయి, జుట్టు ఏ రంగు. ఇంకో కార్డుల ఆ మనిషి దగ్గర గుంజుకున్న బట్టల లెక్క: టోపీ, కోటు, ప్యాంటు, అంగి, బూట్లు. గింత పక్కాగ రాసుకున్నరు, చదువుతుంటే కడుపుల దేవినట్టయితది. జర్మన్ రాకున్నా పర్లేదు, ఏ గడిల ఏం రాసిండ్రో విప్పి చెప్పే ఈ-గైడ్ ఉంది, మస్తు పనికొచ్చింది.

ఐతే పేరు దొరకలేదంటే ఆ మనిషికి ఏం కాలేదని కాదు. పోలండ్ల నాజీలు పెట్టిన ఆష్విట్జ్ క్యాంపుల రైలు దిగంగనే గ్యాస్ చాంబర్‌కు తోలినోళ్ళకు నంబర్ ఇయ్యలే, కార్డు రాయలే. ఆడ చంపింది సుమారు 11 లక్షల మందిని, అండ్ల దాదాపు 10 లక్షలు యూదులే, రిజిస్టర్ల ఎక్కిందేమో అందరు కలిపి 4 లక్షల మందే. ఈ కాయితాలు ఎక్కువ మటుకు చంపినోళ్ళే రాసుకున్న లెక్క, అది ఒక్కటే పట్టుకుంటే ప్రాజెక్టు సగమే అయితది. ఇజ్రాయిల్ల ఉన్న మారణహోమం స్మారక సంస్థ యాద్ వషేమ్ డేటాబేస్‌ల, చచ్చిపోయినోళ్ళ గురించి చుట్టాలు, తెలిసినోళ్ళు నింపిన ఫారాలు గూడ చూడాలె.

బతికి బయటపడ్డోళ్ళ మాటలకు అమెరికాల ఉన్న షోవా ఫౌండేషన్ అనే సంస్థ, 55 వేల దాక వీడియోలు. అన్నీ ఇంట్ల కూసొని చూడరావు గని, నిమిషం నిమిషానికి టాపిక్ పెట్టిండ్రు, రైలు ముచ్చట కావాల్నంటే నేరుగ ఆడికే పోవచ్చు. మన సాయుధ పోరాటం చూసిన ముసలోళ్ళ ముచ్చట్లు గూడ గిట్ల పెడితే ఎంత బాగుండు! ఈ వీడియోలు చానావరకు 1994 తర్వాతయి, యాభై ఏండ్ల కింది యాది, తారీఖులు అటిటు అయితయి, అందుకే కార్డుతోని కలిపి చూడాలె. 1946లనే డేవిడ్ బోడర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ యుద్ధం అయినంక ఇల్లు వాకిలి లేనోళ్ళు ఉన్న యూరప్ శిబిరాలల్ల వైర్ రికార్డర్ (సన్నని తీగ మీద గొంతు రికార్డు చేసే మిషిన్) పట్టుకొని తిరిగి తీసినయి గూడ ఇనుండ్రి, అప్పటికి గాయం ఇంకా పచ్చిగనే ఉంది.

ఒక్కో పేరు పోలిష్‌ల ఒక తీరు, జర్మన్‌ల ఒక తీరు రాస్తరు, నాలుగైదు స్పెల్లింగులు కొట్టుండ్రి. స్క్రీన్‌షాట్ తీస్తే డాక్యుమెంట్ నంబర్ గూడ రాసుకోండ్రి, వైవాల ముందు అదే అడుగుతరు.